చెక్కుబందీలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా? ఈ తనిఖీకి ఆర్‌సీసీ-8 ఎంతవరకు పనికొస్తుంది

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు చెబుతాను. ఒక ఊరి పొలాల దస్తావేజులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టుకున్నారు. ప్రతి దాంట్లో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు (చెక్కుబంది) ఉన్నాయి. అక్షాంశ రేఖాంశాలు లేవు, పటం లేదు. ఈ హద్దుల్లో ఎక్కడెక్కడ పొంతన లేదో కంప్యూటర్ పట్టివ్వాలి. ఊరి చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే మేర), బఫర్ (దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన పట్టీ) విషయంలోనూ ఇలాంటి తనిఖీయే కావాలి. దీనికి క్వాలిటేటివ్ స్పేషియల్ రీజనింగ్ (ఇకపై క్యూఎస్‌ఆర్) పనికొస్తుందా, అందులో ఒక పద్ధతైన ఆర్‌సీసీ-8 సరిపోతుందా, లేక మొత్తం ఎల్‌ఎల్‌ఎంకే (చాట్‌జీపీటీ తరహా భాషా మోడల్‌కే) అప్పజెప్పొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: పనికొస్తుంది. కొలతలు లేకుండా "ఆనుకొని ఉంది", "లోపల ఉంది", "తూర్పున ఉంది" లాంటి మాటలతోనే తర్కం చేయడం క్యూఎస్‌ఆర్ అసలు పని. చెక్కుబంది అంటే అలాంటి మాటలే కదా. కాకపోతే చెరువు భాగానికి ఆర్‌సీసీ-8 చాలు, చెక్కుబందీలకు చాలదు. అక్కడ దిక్కులు కావాలి, కాబట్టి అల్లెన్ ఇంటర్వల్ సంబంధాలను (ఒక గీత మీద రెండు ముక్కలు ఒకదానికొకటి ఎలా ఉన్నాయో చెప్పేవి) తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ అక్షాలు రెండింటి మీదా పెట్టే రెక్టాంగిల్ ఆల్జీబ్రా వాడాలి. మీ డేటాకు అందులోనూ సులువైన ముక్క ఒకటి సరిపోతుంది, సాల్వర్ (ఇలాంటి నియమాలన్నీ కలిసి నిలబడతాయో లేదో తేల్చే ప్రోగ్రామ్) కూడా అక్కర్లేదు. ఎల్‌ఎల్‌ఎంను దస్తావేజు లోంచి హద్దులు ఏరడానికి వాడండి. తర్కం మాత్రం దానిచేత చేయించకండి.

ఆర్‌సీసీ-8 ఏం చెబుతుంది, ఏం చెప్పదు

రాండెల్, కుయ్, కోన్ 1992లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. "ఈ రెండు ప్రాంతాలు తగులుతున్నాయా" అనే ఒక్క సంబంధాన్ని పునాదిగా పెట్టుకుని ఎనిమిది సంబంధాలు నిర్వచించారు: విడిగా ఉండటం (డీసీ), అంచులు మాత్రం తగిలి ఆనుకొని ఉండటం (ఈసీ), కొంత భాగం కలవడం (పీఓ), రెండూ ఒకటే కావడం (ఈక్యూ), అంచు తగులుతూ లోపల ఉండటం (టీపీపీ), అంచు తగలకుండా పూర్తిగా లోపల ఉండటం (ఎన్‌టీపీపీ), చివరి రెండింటికి తిరగేసినవి. ఏ రెండు ప్రాంతాలు తీసుకున్నా వీటిలో సరిగ్గా ఒక్కటే నిజమవుతుంది.

అసలు బలం కాంపొజిషన్ టేబుల్‌లో ఉంది. క-ఖ సంబంధం, ఖ-గ సంబంధం తెలిస్తే క-గ మధ్య ఏవి సాధ్యమో 64 గళ్ల పట్టిక చెబుతుంది. కొన్ని గళ్లు గట్టి సమాధానం ఇస్తాయి: క పూర్తిగా ఖ లోపల ఉండి, ఖ గ ను ఆనుకొని ఉంటే, క-గ విడివిడే. కొన్ని ఏమీ చెప్పవు: విడి, విడి కలిపితే ఎనిమిదీ సాధ్యమే. ఏ పట్టికలోనూ దిక్కు లేదు, దూరం లేదు, విస్తీర్ణం లేదు. "తూర్పు హద్దు 45/2" అన్న వాక్యంలోంచి ఆర్‌సీసీ-8కి అందేది "ఆనుకొని ఉంది" అన్న ముక్క మాత్రమే. దిక్కు వదిలేస్తే చెక్కుబందిలో పట్టుకోదగ్గ తప్పుల్లో చాలావరకు జారిపోతాయి.

చెరువు: ప్రాంతాన్ని ఎలా నిర్వచిస్తారన్న దాని మీదే అంతా ఉంది

ముందు ఇది చూద్దాం, సులువు కాబట్టి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల (జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు తక్కువ చెరువులు, కుంటలు, శిఖం భూముల నుంచి 9 మీటర్లు బఫర్. మన తర్కానికి ఆ అంకెలతో పని లేదు. బఫర్ వెడల్పు ఎక్కడా సున్నా కాదన్నది తెలిస్తే చాలు.

చాలామంది బఫర్‌ను చెరువు చుట్టూ ఉన్న పట్టీగా, అంటే మధ్యలో ఖాళీ ఉన్న ఉంగరంగా పెడతారు. అప్పుడు చెరువు-బఫర్ సంబంధం "ఆనుకొని" అవుతుంది. ఒక ప్లాటు చెరువును ఆనుకొని ఉందంటే, ఆనుకొని-ఆనుకొని గడి చూడాలి. అందులో ఆరు సంబంధాలు ఉంటాయి, "విడి"తో సహా. ఏమీ తేలదు.

అదే బఫర్‌ను చెరువు, పట్టీ రెండూ కలిపిన నిండు ప్రాంతంగా పెట్టండి. ఇప్పుడు చెరువు దానిలో ఎన్‌టీపీపీ. ప్లాటు ఎఫ్‌టీఎల్‌ను ఆనుకొని ఉందంటే, ఆ గడిలో మూడే మిగులుతాయి: పీఓ, టీపీపీ, ఎన్‌టీపీపీ. అంటే ఆ ప్లాటులో కొంతైనా బఫర్‌లో ఉండి తీరాలి. "ఎఫ్‌టీఎల్ పక్కనే, కానీ బఫర్‌లో లేదు" అని రాసిన నివేదికను ఒక్క కొలత లేకుండా తప్పని చెప్పొచ్చు. వాస్తవం అదే, పట్టికా అదే. మారింది ప్రాంతాన్ని నిర్వచించిన తీరు మాత్రమే.

పటం గీసినవాళ్లు కట్ట వైపు బఫర్ వేయకుండా వదిలేసి ఉంటే చెరువు టీపీపీ అయిపోతుంది. అప్పుడు గడిలో "ఆనుకొని" కూడా చేరుతుంది, మీ గట్టి నిర్ణయం పోతుంది. పటం తెరిచి ఆ వైపు చూడకుండా ఎన్‌టీపీపీ అని రాయకండి.

ఉపగ్రహ చిత్రంలో కనిపించే నీటి విస్తీర్ణాన్ని కూడా కలపొచ్చు. వరద రోజులు కాకపోతే నీరు ఎఫ్‌టీఎల్ లోపలే ఉంటుంది (లేదా దానికి సమానం). ప్లాటు నీటితో పాక్షికంగా కలిసిందంటే ఎఫ్‌టీఎల్‌తోనూ కలిసినట్టే. దీన్ని తిరగేయకూడదు: ప్లాటులో నీరు లేదంటే ఎఫ్‌టీఎల్‌లో లేదని కాదు. అలుగు పొంగుతున్నప్పుడు నీటిమట్టం ఎఫ్‌టీఎల్ దాటుతుంది కాబట్టి ఆ రోజుల చిత్రాలు వాడొద్దు.

చెక్కుబందీలు: నాలుగు అంచులు, కొన్ని అసమానతలు

ప్రతి పొలానికి నాలుగు చలరాశులు పెట్టుకోండి: పడమటి అంచు, తూర్పు అంచు, దక్షిణ అంచు, ఉత్తర అంచు. క పొలానికి వీటిని ప(క), తూ(క), ద(క), ఉ(క) అందాం. విలువలు మనకు తెలియవు, తెలియనక్కర్లేదు. ప(క) < తూ(క), ద(క) < ఉ(క) మాత్రం ఎప్పుడూ నిజం.

"క తూర్పు హద్దు ఖ" అన్న వాక్యం ఇలా మారుతుంది:

ప(క) < ప(ఖ) ≤ తూ(క) < తూ(ఖ)
ద(క) < ఉ(ఖ), ద(ఖ) < ఉ(క)

మొదటి వరస: ఖ తూర్పుకు జరిగి ఉంది, కానీ మధ్యలో ఖాళీ లేదు. రెండో వరస: ఉత్తర దక్షిణాల్లో రెండూ కొంత మేర పక్కపక్కన ఉన్నాయి. ఉత్తర హద్దుకు ఇవే అక్షాలు మార్చి రాయాలి.

అల్లెన్ 1983లో ఇచ్చిన 13 ఇంటర్వల్ సంబంధాల భాషలో మొదటి వరస అంటే "తగలడం లేదా అతివ్యాప్తి", రెండోది అంటే తొమ్మిది సంబంధాల సమూహం. 13 సంబంధాల అన్ని కలయికలూ (8,192) అనుమతిస్తే సమస్య ఎన్‌పీ-కంప్లీట్ (డేటా పెరిగితే త్వరగా తేల్చే పద్ధతి తెలియనిది). మనం వాడే ఈ రెండు సమూహాలూ కాన్వెక్స్ తరగతివి, అంటే అంచుల మధ్య <, ≤, = గుర్తులతో పూర్తిగా రాయదగ్గవి. అందుకే పని తేలికైపోతుంది. అక్షాలు రెండూ ఒకదానితో ఒకటి ముడిపడవు, విడివిడిగా తేల్చుకోవచ్చు.

కోడ్ ఇలా రాయండి:

1. ప్రతి అంచును గ్రాఫ్‌లో ఒక నోడ్ చేయండి. < ఉంటే "కచ్చితం" అనే గుర్తుతో ఒక బాణం, ≤ ఉంటే గుర్తు లేని బాణం, = ఉంటే రెండు వైపులా గుర్తు లేని బాణాలు.
2. ప్రతి బాణం మీద దస్తావేజు నంబరు, ఏ దిక్కు హద్దులోంచి వచ్చిందో రాసి పెట్టండి. ఇది మరిచిపోతే తర్వాత వచ్చే ఫలితం ఎవరికీ అర్థం కాదు.
3. టార్జాన్ అల్గారిథమ్‌తో స్ట్రాంగ్లీ కనెక్టెడ్ కాంపొనెంట్లు (బాణాల వెంట ఏ నోడ్ నుంచి ఏ నోడ్‌కైనా వెళ్లి తిరిగి రాగల గుంపులు) తీయండి.
4. ఒక కాంపొనెంట్ లోపలే "కచ్చితం" బాణం ఉంటే అక్కడ వైరుధ్యం ఉంది. ఆ బాణం కొన నుంచి మొదలుకు అతి తక్కువ దారి వెతికితే, రెండూ కలిసి ఒక చక్రం అవుతాయి; గొడవ పడుతున్న దస్తావేజుల జాబితా చేతికొస్తుంది.

బాణాల సంఖ్యకు అనులోమంగానే సమయం పడుతుంది. ఒక ఊరి డేటాకు మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఈ పనికి సాధారణ క్యూఎస్‌ఆర్ సాల్వర్ వాడితే "వైరుధ్యం ఉంది" అని చెప్పి ఊరుకోవచ్చు. మీకు కావలసింది *ఏ కాగితాల మధ్య* అన్నది. చక్రం దాన్ని నేరుగా చూపిస్తుంది.

బిగింపు, సడలింపు

పై సూత్రంలో ≤ పెట్టడానికి కారణం ఉంది. పొలాలు దీర్ఘచతురస్రాలు కావు, దిక్కులకు సరిగ్గా నిలబడవు. ఏటవాలు గట్టు ఉన్న రెండు పొలాల చుట్టూ పెట్టెలు గీస్తే ఆ పెట్టెలు కాస్త ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. అందుకే అది సడలించిన రూపం. బిగించిన రూపంలో ప(ఖ) = తూ(క) అని రాస్తాం.

తేడా ఈ ఉదాహరణలో చూడండి. క తూర్పున ఖ. ఖ ఉత్తరాన గ. గ పడమర ఘ. ఇక ఘ దక్షిణాన క ఉండాలి. రాసినవాళ్లు పొరపాటున "ఘ ఉత్తరాన క" అని రాశారు. బిగించిన రూపంలో ద(గ) < ఉ(ఘ) = ద(క) < ఉ(ఖ) = ద(గ) అని చక్రం పడుతుంది, తప్పు దొరుకుతుంది. సడలించిన రూపంలో ఈ నాలుగు వాక్యాలూ కలిసి నిలబడతాయి, పెట్టెలు కొంచెం అటూ ఇటూ జరిపితే సరిపోతుంది కాబట్టి. తప్పు దొరకదు.

కనుక రెండుసార్లు నడపండి. సడలించిన రూపంలోనే పడిన చక్రాలు దాదాపు ఖాయంగా రాతలోని తప్పులు. బిగించినప్పుడు మాత్రమే పడినవి టిప్పన్ గానీ ఎఫ్‌ఎంబీ గానీ (సర్వే శాఖ కొలతల పటాలు) చూసి తేల్చుకోవలసినవి. రెండింటినీ ఒకే జాబితాలో కలిపి ఇస్తే చూసేవాళ్లకు జాబితా మీదే నమ్మకం పోతుంది.

అంతకన్నా ముందు చేయవలసిన చౌక తనిఖీ ఒకటి: క దస్తావేజు "తూర్పు: ఖ" అంటే, అదే కాలపు ఖ దస్తావేజు "పడమర: క" అనాలి. ఇక్కడ తేడాలను రెండు రకాలుగా చూడండి. ఖ కూడా "తూర్పు: క" అంటే అది 180 డిగ్రీల తేడా, గట్టి వైరుధ్యం. ఖ "దక్షిణం: క" అంటే 90 డిగ్రీలు, మెత్తని హెచ్చరికే. పొలం మూలగా తిరిగి ఉంటే ఒకరికి తూర్పైనది ఇంకొకరికి ఉత్తరంగా తోచడం మామూలే. ఒకే దస్తావేజులో నాలుగు హద్దులూ ఒకే వైపు 90 డిగ్రీలు తిరిగి ఉంటే మాత్రం పొలాన్ని అనుమానించకండి, ఓసీఆర్‌ను (స్కాన్ చేసిన కాగితాన్ని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను) అనుమానించండి. హద్దుల పట్టికలో ఒక వరస కిందికి జారి ఉంటుంది.

ఈ పద్ధతికి అందనివి

ఎల్ ఆకారపు పొలాలు మొదటిది. "తూర్పు, ఉత్తరం రెండూ ఖ పొలమే" అని ఉంటే ఖ పొలం క ను చుట్టుకొని ఉండొచ్చు. అప్పుడు ఖ పెట్టె క పెట్టెను మింగేస్తుంది, ద(క) < ద(ఖ) అన్నది తప్పవుతుంది. ఒకే పేరు రెండు హద్దుల్లో వస్తే ఖ ను రెండు ముక్కలుగా (ఖ-తూర్పు, ఖ-ఉత్తరం) విడగొట్టి నడపండి.

రెండోది ఇంకా లోతైనది. "ఏ రెండు పొలాలూ ఒకదాని మీద ఒకటి ఉండకూడదు" అన్న నియమాన్ని పై గ్రాఫ్‌లో పెట్టలేం. అది "తూర్పున *లేదా* పడమర *లేదా* ఉత్తరాన *లేదా* దక్షిణాన" అనే వికల్పం, రెండు అక్షాలనూ ముడేస్తుంది. దాన్ని వదిలేశాం కాబట్టి చక్రం లేదంటే పొంతన ఉందని హామీ కాదు; సడలించిన రూపంలో చక్రం ఉంటే మాత్రం, పైన చెప్పిన ఆకార సమస్య లేనంత వరకు, తప్పు ఉన్నట్టే. అతివ్యాప్తి కూడా చూడాలంటే అనుమానం ఉన్న గుంపును మాత్రం విడదీసి ఇలాంటి "లేదా" షరతులను కూడా తేల్చగల జెడ్3 లాంటి ఎస్‌ఎంటీ సాల్వర్‌కో, క్లింగోకో ఇవ్వండి. ఊరంతటినీ ఇస్తే ప్రతి జతకూ నాలుగు వికల్పాలు వచ్చి పడతాయి.

ప్రాంతాల గుర్తింపు: శ్రమంతా ఇక్కడే

అల్గారిథమ్ ఒక సాయంత్రంలో రాసేయొచ్చు. ఏ పేరు ఏ నేలకు చెందుతుందో తేల్చడానికే రోజులు పడతాయి.

"పడమర: బాట" అన్నచోటల్లా ఒకే బాట అనుకుంటే వెంటనే వందల చక్రాలు పడతాయి. బాట, కాలువ, డొంక, వాగు పొడుగ్గా వంకర తిరిగే ప్రాంతాలు. ఒకే కాలువ ఒక పొలానికి తూర్పు, ఇంకోదానికి పడమర, మరోదానికి ఉత్తరం కావడంలో తప్పేమీ లేదు. ప్రతి ప్రస్తావనకూ ఆ కాలువలో స్థానికమైన ముక్క ఒకటి కొత్తగా సృష్టించండి. ఇందువల్ల కొన్ని తప్పులు తప్పించుకుంటాయి, ఫర్వాలేదు.

హద్దులో సర్వే నంబరు బదులు మనిషి పేరు ఉంటే ఆ పేరు ఆ తేదీ వరకే చెల్లుతుంది. పొలం అమ్ముడుపోయాక కొత్త దస్తావేజులో కొత్త పేరు వస్తుంది. అన్ని సంవత్సరాల దస్తావేజులనూ ఒకే గ్రాఫ్‌లో పోయకూడదు. తేదీల వారీగా ముక్కలు చేసి, ఏ ప్రాంతం ఏ కాలంలో ఎవరిదో వేరే పట్టికలో పెట్టుకోవాలి.

అన్నింటికన్నా చిక్కుది "విక్రేత మిగులు భూమి". ఇది ప్రతి అమ్మకంతో తరిగిపోయే ప్రాంతం. ఒక్కో దస్తావేజుకు ఒక్కో కొత్త మిగులు ప్రాంతం సృష్టించాలి. ఇక్కడ ఆర్‌సీసీ-8 మళ్లీ పనికొస్తుంది. అమ్మిన ముక్క అసలు నంబరులో టీపీపీ లేదా ఎన్‌టీపీపీ. నాలుగు హద్దులూ "విక్రేత మిగులు భూమి" అయితే అది ఎన్‌టీపీపీయే. అప్పుడు బయటి పొలం ఏదైనా ఈ ముక్కను తన హద్దుగా చెప్పుకుంటే వైరుధ్యం. అంతేకాదు, ఆ ముక్కకు బాట లేదని కూడా తెలిసిపోతుంది. కొనేవాళ్లకు ఈ ఒక్క సంగతే మిగతా తనిఖీలన్నింటికన్నా ఎక్కువ పనికిరావచ్చు.

ఎల్‌ఎల్‌ఎం ఎక్కడ, ఎక్కడ కాదు

వాక్యంలోంచి "ఈ పొలం, ఈ దిక్కు, ఈ హద్దు" అని ఏరడంలో ఎల్‌ఎల్‌ఎంలు బాగా పనిచేస్తాయి. మూడు షరతులు పెట్టండి. ఏరిన ప్రతిదానికీ మూలంలోని మాటలను ఉన్నదున్నట్టు ఇవ్వాలి. ఆ మాటలు నిజంగా దస్తావేజులో ఉన్నాయో లేదో మామూలు స్ట్రింగ్ సెర్చ్‌తో సరిచూడండి. తెలియనిది ఖాళీగా వదలాలి, "బహుశా" వద్దు. దిక్కుల వరస మార్చకూడదు.

ప్రత్యేకంగా గమనించవలసింది: "తూర్పు: 45/2 పొలం" అంటే 45/2 మనకు తూర్పున ఉంది. "45/2 పొలానికి తూర్పున" అంటే మనమే దానికి తూర్పున ఉన్నాం. విభక్తి ఒక్కటే తేడా, దిక్కు తలకిందులవుతుంది. మోడల్‌కు ఇచ్చే ఉదాహరణల్లో ఈ రెండు రూపాలూ తప్పక ఉండాలి.

తర్కం ఎందుకు అప్పజెప్పకూడదంటే, అంచెలు పెరిగేకొద్దీ తప్పులు పెరుగుతాయి. 2022లో వచ్చిన స్టెప్‌గేమ్ పరీక్ష ఇందుకోసమే పది అంచెల దాకా దిక్కుల గొలుసులు ఇచ్చి చూస్తుంది. కొత్త మోడళ్లు మెరుగుపడుతున్నాయి, నిజమే. అయినా గ్రాఫ్ ప్రతిసారీ కచ్చితంగా, పైసా ఖర్చు లేకుండా చేసే పనిని ఊహించి చెప్పేదానికి ఇవ్వడంలో నాకు అర్థం కనిపించదు.

పటం చేతికొస్తే

రేపు ఎవరైనా డిజిటైజ్ చేసిన పాలిగన్లు (పొలాల ఆకారాలు) ఇస్తే, పోస్ట్‌జీఐఎస్ అనే పటాల డేటాబేస్‌లో సంబంధాలు లెక్కించుకోవచ్చు. విడి అంటే ఎస్‌టీ_డిస్‌జాయింట్, ఆనుకొని అంటే ఎస్‌టీ_టచెస్, పీఓ అంటే ఎస్‌టీ_ఓవర్‌ల్యాప్స్, ఈక్యూ అంటే ఎస్‌టీ_ఈక్వల్స్. ఎన్‌టీపీపీకి ఎస్‌టీ_కంటైన్స్‌ప్రాపర్లీ వాడాలి, పెద్దది ముందు. ఎస్‌టీ_వితిన్ అంటే టీపీపీ, ఎన్‌టీపీపీ, ఈక్యూ మూడూ కలిసినది. మిగతా రెండూ తీసేస్తేనే టీపీపీ మిగులుతుంది.

నిజమైన డేటాలో ఎస్‌టీ_టచెస్ దాదాపు ఎప్పుడూ అబద్ధమే వస్తుంది. పక్కపక్క పొలాలను విడివిడిగా గీస్తే మధ్యలో సన్నని ఖాళీయో, సన్నని అతివ్యాప్తియో ఉంటుంది. దీనికి "అర మీటరు లోపు ఉంటే ఆనుకొని ఉన్నట్టే" అని ప్రతి జతకూ విడిగా సడలింపు ఇస్తే తర్కం చెడుతుంది. క, ఖ ఇంచుమించు సమానం, ఖ, గ ఇంచుమించు సమానం అయినంత మాత్రాన క, గ అలా ఉండనక్కర్లేదు. కాంపొజిషన్ టేబుల్‌కు ఇంచుమించు అనే మాట తెలియదు. ముందు మూలలన్నింటినీ కలిపి ఒకే బిందువులకు స్నాప్ చేసి, ఉమ్మడి గట్టును రెండు పొలాలకూ ఒకే గీతగా చేసి, ఆ తర్వాత సడలింపు లేకుండా సంబంధాలు లెక్కించండి.

స్నాప్ దూరం మీటర్లలో ఇవ్వాలి, డిగ్రీల్లో కాదు. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం యూటీఎం అనే మీటర్ల కొలమాన పద్ధతిలో 44 ఉత్తర జోన్ (ఈపీఎస్‌జీ 32644) కిందికి వస్తుంది. 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పడమర ఉన్న అనంతపురం లాంటివి 43వ జోన్‌లోకి వెళతాయి. ఒక ప్రాజెక్టుకు ఒకే జోన్ పెట్టుకోండి.

ఇంకో తేడా: మూల మాత్రమే తగిలిన పొలాలు కూడా ఆర్‌సీసీ-8 లెక్కలో "ఆనుకొని" ఉన్నట్టే, కానీ చెక్కుబందిలో వాటి పేరు రాయరు. ఎస్‌టీ_రిలేట్ ఇచ్చే తొమ్మిది అక్షరాల్లో ఐదోది అంచు-అంచు కలయిక. అక్కడ 1 ఉంటే గీత మేర తగిలాయి, 0 ఉంటే బిందువు దగ్గరే. చెక్కుబందితో పోల్చేటప్పుడు 1 ఉన్నవే తీసుకోండి.

సాధనాల గురించి క్లుప్తంగా

జెనా, ప్రొటేజీ లాంటి సెమాంటిక్ వెబ్ సాధనాల జోలికి వెళ్లే ముందు రెండు విషయాలు. 2012 నాటి జియోస్పార్కుల్ (స్థల సమాచారాన్ని ప్రశ్నించే భాష) ప్రమాణంలో ఆర్‌సీసీ-8 పేర్లు ఉన్నాయి, కానీ కాంపొజిషన్ టేబుల్ అందులో భాగం కాదు. ఓడబ్ల్యూఎల్ 2 అనే ఆంటాలజీ భాషలో ప్రాపర్టీ చెయిన్ (రెండు సంబంధాలు కలిపి మూడోది రాబట్టే నియమం) ఫలితం ఒక్క ప్రాపర్టీయే కావాలి, "పీఓ లేదా టీపీపీ లేదా ఎన్‌టీపీపీ" అని రాయలేం. పైగా చెయిన్ నుంచి పుట్టిన ప్రాపర్టీల మీద "ఇవి రెండూ కలవవు" అనే నియమం పెట్టడాన్ని ఆ భాషలోని డీఎల్ రూపం ఒప్పుకోదు, కాబట్టి వైరుధ్యాలు బయటపడవు.

ఆర్‌సీసీ-8 కోసం ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయం వారి జీక్యూఆర్, బ్రెమెన్ విశ్వవిద్యాలయం వారి స్పార్‌క్యూ అనే సాధనాలు ఉన్నాయి. చెరువు భాగానికి సొంతంగా రాసుకున్నా పోతుంది. ఎనిమిది సంబంధాలకు ఎనిమిది బిట్లు, అన్ని కలయికల కాంపొజిషన్ ముందే లెక్కించి పెట్టుకుంటే 65,536 గళ్లు, ఆపైన పాత్-కన్సిస్టెన్సీ (ప్రతి మూడు ప్రాంతాలకూ పట్టికను వర్తింపజేసి అసాధ్యమైన సంబంధాలను కొట్టేయడం). ఊరంతటికీ నిండు మాత్రిక కట్టకండి. 500 ప్రాంతాలంటే 12.5 కోట్ల త్రయాలు, మామూలు పైథాన్‌లో విసుగు పుడుతుంది. చెరువుకు సంబంధం ఉన్న ప్లాట్లు చాలు.

పాత్-కన్సిస్టెన్సీ ఎంతవరకు నమ్మొచ్చన్నది రెంజ్, నేబెల్ 1999లో తేల్చారు. 256 కలయికల్లో 148 ఉన్న ఒక ఉపసమితికి అది పూర్తి సమాధానం ఇస్తుంది, మొత్తం 256కు సమస్య ఎన్‌పీ-కంప్లీట్. మీకు పనికొచ్చే గుర్తు: "రెండింట్లో ఒకటి రెండోదాని లోపల ఉంది, ఏది లోపలో తెలియదు, పాక్షికంగా మాత్రం కలవలేదు" అనే తరహా సమాచారం వచ్చిందంటే ఆ ఉపసమితి దాటారు. "లోపల ఉంది, అంచు తగిలిందో లేదో తెలియదు" అన్నది ఫర్వాలేదు. ఇంకోటి, ఆర్‌సీసీ-8 ప్రాంతాలు ముక్కలుగా ఉన్నా ఒప్పుకుంటుంది. కాగితం మీద ఒకే ముక్కగా గీయగలమా అన్నది వేరే సమస్య, చాలా కష్టమైనది.

విస్తీర్ణం విడిగా చూడండి

దిక్కులు, ఆనుకోవడాలు అన్నీ పొసిగినా విస్తీర్ణాలు పొసగకపోవచ్చు. క్యూఎస్‌ఆర్ దాన్ని పట్టుకోలేదు, ప్రయత్నించక్కర్లేదు కూడా. ఒక సర్వే నంబరు సబ్‌డివిజన్ల మొత్తం అసలు విస్తీర్ణం దాటుతోందా అన్న మామూలు కూడిక పెట్టండి. దాటితే, అదే నంబరులోని చక్రాలను జాబితాలో పైకి తీసుకురండి. రెండు తనిఖీలూ ఒకేచోట వేలు చూపిస్తే ఒకే నేల రెండుసార్లు అమ్మి ఉండే అవకాశం ఎక్కువ. అయినా అది అనుమానమే. హక్కు తేల్చేది సర్వే, రికార్డులు, అవసరమైతే కోర్టు.

కూడికలో యూనిట్ జాగ్రత్త. తెలంగాణ దస్తావేజుల్లో "2-20" అంటే రెండెకరాల ఇరవై గుంటలు, 40 గుంటలు ఎకరం కాబట్టి రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో "2.20" అంటే రెండెకరాల ఇరవై సెంట్లు, ఎకరానికి 100 సెంట్లు. ఓసీఆర్‌లో గీత చుక్కగా మారడం చాలా సులువు. గుంటల స్థానంలో 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనిపిస్తే చదవడంలోనే తప్పుంది. యూనిట్ గడి ఖాళీగా ఉన్న రికార్డును మొత్తంలో కలపకుండా పక్కన పెట్టండి.